ఆముదం రాసిన మందు

"ఇవాళ కూర్చోలేనమ్మగారూ."

"ఎందుకు కూర్చోలేవు?"

"చేతులు మండుతున్నయ్."

"మిరపకాయల కల్లంలో చేతులు మండక చల్లగా ఉంటాయా? ఇక్కడ ఎవత్తె చేతులు మండట్లా? నా చేతులు చూడు. కాపరానికి వచ్చిన కాడ్నించీ మండుతానే ఉన్నయ్. ఏనాడన్నా మంచమెక్కానా?"

"మీ మంట వేరు, నా మంట వేరు."

"అబ్బో, మంటల్లో కూడా రకాలున్నయ్యా? తేజ కాయ మంట ఒకటి, బ్యాడిగ కాయ మంట ఒకటీనా?"

"అనండి, అనండి. ఇవాళ ఈ చేతులు నావి కావు."

"మరెవరివి? రేపు లారీ వస్తది. పడమట మబ్బు చూశావా? నువ్వు లేస్తే నీ వెనకాల ఇంకో నలుగురు లేస్తారు."

"చేతులే కాదమ్మగారూ, కాళ్ళు కూడా మండుతున్నయ్."

"కాళ్ళతో తొడిమలు తీస్తున్నావా ఏంటే?"

ఆ మాటకు పట్టా మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ పకపకా నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, నాకు చూపిద్దామని ముందుకు చాపిన చేతులు రెండూ వెనక్కు తీసుకుని కొంగు కింద పెట్టుకుంది.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఆమె పోయి రెండేళ్ళు దాటింది. నలుగురిని నవ్వించే మాట నా నోటివెంట రావడం చాలా తక్కువ. వచ్చిన వాటిల్లో బాగా పేలింది అదే. ఈ మధ్య ఏ పని చేస్తున్నా ఆ నవ్వు చెవిలో పడుతోంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. నేను ఆమెను పేరు పెట్టి పిలిచింది కూడా లేదు. 'ఏమే', 'ఓసే', 'ఇటు రావే' అంటూనే పద్దెనిమిది కోతలు గడిచిపోయాయి. మా ఊళ్ళో పరుపుల సాయిబు కోడలంటే ఎవరికైనా తెలుస్తుంది. మామగారు ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మొగుడు లారీ మీద క్లీనరుగా వెళ్ళి ఎక్కడో ఉండిపోయాడు. ఒక్కతే కూతురు, ఒంగోలులో ఇచ్చారు. ఇంతకంటే నాకు తెలియదు. అడగలేదు. పనికి వచ్చిన మనిషిని పని గురించి తప్ప వేరే అడిగే అలవాటు నాకు లేదు.

కానీ పద్దెనిమిది ఏళ్ళు ఒకే పట్టా మీద ఎదురెదురుగా కూర్చుంటే, అడగకపోయినా మనిషి కొంత తెలిసిపోతుంది.

కాయ ఆరిందో లేదో చూడటానికి అందరం వేళ్ళతో వంచి చూస్తాం. ఆమె చెవి దగ్గర పెట్టుకుని ఆడించేది. లోపల గింజలు గలగలమంటే "ఇది మాట్లాడతంది, బస్తాకెత్తొచ్చు" అనేది. చప్పుడు రాకపోతే "ఇది ఇంకా అలిగుంది" అని మళ్ళీ ఎండలోకి విసిరేది. మొదట్లో నేను కసిరేదాన్ని, ఒక్కో కాయను చెవికి పెట్టుకుంటే పని ఎప్పటికి తెమిలేనని. తర్వాత తెలిసింది, అంత ఆడించి కూడా అందరికంటే ఆమె కుప్పే పెద్దదని. ఎడమచేత్తో కాయ అందుకోవడం, కుడిచేతి బొటనవేలితో తొడిమ గిల్లడం, కాయను చూడకుండానే వెనక్కు వెయ్యడం. కాయ సరిగ్గా కుప్ప నెత్తిన పడేది.

మిరప దుమ్ముకు అందరం తుమ్మి తుమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. ఆమె ఒక్కసారి కూడా తుమ్మేది కాదు. అదే మా ఇంట్లో పూజ చేసి అగరొత్తి వెలిగిస్తే గుమ్మంలో నిలబడి ఏకధాటిగా ఆరేడు తుమ్ములు తుమ్మేది. "మీ దేవుడు నన్ను రావొద్దంటున్నాడమ్మగారూ" అని ముక్కు తుడుచుకుంటూ నవ్వేది.

దేనికైనా ఒకటే జవాబు ఉండేది ఆమె దగ్గర. చూరు కారుతోంది, కప్పించుకోవే అంటే, "చూద్దాం, చేతులున్నయ్ గా" అనేది. మొగుడు ఇక రాడటగా అని ఎవరో ఎత్తిపొడిస్తే, "ఆయన పోతే పోయాడు, చేతులున్నయ్ గా" అంది. కూతురి పెళ్ళి నాడూ అదే మాట. అందుకే ఆ రోజు 'ఈ చేతులు నావి కావు' అన్నప్పుడు నేను ఉలిక్కిపడి ఉండాల్సింది. పడలేదు. నా కళ్ళు పడమటి మబ్బు మీద ఉన్నాయి.

ఇక ఆముదం సంగతి.

తొడిమలు తీయడానికి కూర్చోబోయే ముందు చేతులకు ఆముదం రాసుకోవాలి. చర్మం మీద పల్చగా నూనె పొర ఉంటే కారం అంత తొందరగా లోపలికి దిగదు. మా అత్తగారి నాటి నుంచీ ఇదే పద్ధతి. సీసా మాత్రం నేను ఎవరి చేతికీ ఇవ్వను. కొబ్బరిచిప్పతో చేసిన చిన్న గరిటె ఒకటి ఉంది, మనిషికి దాంతో ఒకటి. ఇచ్చేస్తే సగం నేల పాలు, సగం తల పాలు. మిగతావాళ్ళు గబగబా రుద్దుకుని కూర్చునేవారు. ఆమె అట్లా కాదు. ముందు అరచెయ్యి, తర్వాత వేళ్ళ సందులు, తర్వాత ఒక్కో గోరు మొదలు, పెళ్ళికూతురికి గోరింటాకు పెడుతున్నట్టు పెట్టుకునేది. ఆఖరున మిగిలిన జిడ్డును మడమలకు పులుముకునేది.

"అమ్మగారు ఆముదం పోస్తుంటే సీసాకు ఏడుపొస్తదే" అనేది పక్కనున్న వాళ్ళతో, నాకు వినపడేట్టుగా. "ఇంతసేపు నొప్పులు పడి ఒక్క బొట్టునా కన్నది అని."

నేను విననట్టు ఉండేదాన్ని.

ఆమెకు కాన్సరు జబ్బు మొదట రొమ్ములో వచ్చింది. గుంటూరులో ఆపరేషను చేసి ఎర్రమందు ఎక్కించారు. ఆ ఏడాది ఆమె తలకు గుడ్డ చుట్టుకుని కల్లానికి వచ్చేది. జుట్టు లేదు, కనుబొమలు లేవు, ముఖం కడిగిన పలకలా ఉండేది. మా అందరికీ భయం వేసేది. ఆ ఏడు నేనే ఆమెను పనిలో కూర్చోనిచ్చేదాన్ని కాదు. చెట్టు కింద కూర్చుని కాయలు ఆడించి చూడటమే ఆమె పని. నాకు జాలి లేదని ఎవరైనా అంటే ఆ ఏడాది గుర్తు చేస్తాను.

తర్వాత తగ్గింది. జుట్టు వచ్చింది. నాలుగేళ్ళు బాగానే ఉంది. అయిదో ఏడు నడుములో నొప్పి అంది. జబ్బు ఎముకలోకి దిగిందన్నారు. ఒకరోజు మధ్యాహ్నం రేకుల పంచలో అన్నం తింటూ తనే చెప్పింది.

"మళ్ళీ ఆ ఎర్రమందేనంటమ్మగారూ."

"మళ్ళీనా? జుట్టు ఇప్పుడిప్పుడే గదే జడకందింది."

"ఈసారి ఊడదంట. మందు అదేనంట గానీ, ఆముదం రాసి పంపిస్తారంట."

"మందుకు ఆముదం ఏంటే?"

"మరి! పోయినసారి మందు ఒట్టి ఒంటితో వచ్చింది, దారిలో తగిలినదానికల్లా మంట పెట్టింది. జుట్టుకు పెట్టింది, పేగులకు పెట్టింది, గుండెక్కూడా పెట్టింది. ఇంకోసారి అట్టా ఎక్కిస్తే గుండె తట్టుకోదని డాక్టరమ్మ అన్నది. అందుకని ఈసారి కంటికి కనపడనంత సన్న కొవ్వు బుడగలు చేసి, వాటిల్లో మందు పెట్టి ఒదుల్తారంట. కొవ్వు పొర ఉంటది గాబట్టి దారిలో ఎవరి జోలికీ పోదు. గడ్డ దగ్గరకు పోయినాక అక్కడ పొర చితికి మందు బయటకొస్తదంట. మనం ఆముదం రాసుకుని కాయ పట్టుకోమా? అట్టాగే."

పక్కనున్న ఒకామె అడిగింది, "అయితే ఆ డాక్టరమ్మ కూడా మన అమ్మగారిలాగా బొట్టు బొట్టే పోస్తదా అక్కా?"

"ఆఁ, గంటసేపు బొట్టు బొట్టుగానే. ఇద్దరూ అక్కచెల్లెళ్ళు."

అందరూ నవ్వారు. ఈసారి నేను కూడా నవ్వాను.

నాలుగు వారాలకు ఒకసారి పొద్దున్నే బస్సెక్కి గుంటూరు వెళ్ళేది. సాయంత్రానికి వచ్చేది. ఒకరోజు పడుకుని మర్నాటికి కల్లంలో ఉండేది. నిజంగానే జుట్టు ఊడలేదు. నడుమునొప్పి కూడా తగ్గింది, నిద్ర పడుతోంది అంది. ఇంకేం కావాలి? మా కంటికి ఆ జబ్బుకు గుర్తు జుట్టు. జుట్టు ఉంది, మనిషి ఉంది. ఇక ఆ సంగతి నేను మర్చిపోయాను.

మూడోసారి ఎక్కించుకుని వచ్చాక చిన్న చిన్న తేడాలు చూశాను. తాగే నీళ్ళ కుండకు రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకుని నిలబడేది. "కారం చేతులతో కుండను పట్టుకుంటావేంటే" అని తిట్టాను. చెప్పులు చేత్తో పట్టుకుని బోరు కాలవ పక్కన తడి మట్టిలో నడిచి వచ్చేది. చెప్పులు అరిగిపోతాయని దాచుకుంటోందనుకుని మనసులో మెచ్చుకున్నాను కూడా. రేషను బండి దగ్గర వేలిముద్ర పడలేదని ఒకరోజు ఉత్త సంచితో వచ్చింది. మిరప కోతలప్పుడు మా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు వేలిముద్ర పడదు. మిషనువాడికి కూడా అలవాటే. వింతేం కాదు.

ఇదే వేరే ఊళ్ళో అయితే, వరి పండించే ఊళ్ళో అయితే, ఆడమనిషి అరచేతులు అంత ఎర్రగా ఉంటే ఎవరో ఒకరు ఆగి అడిగి ఉండేవారు. మా దగ్గర ఎర్రచేతులు ఎవరి కంటికీ కొట్టొచ్చినట్టు కనపడవు.

ఆ రోజు నవ్వులు అయిపోయాక ఆమె లేచి నా దగ్గరకు వచ్చింది. మిగతావాళ్ళకు వినపడకుండా అంది.

"చేతులు మండితే ఫోన్ చెయ్యమని నర్సమ్మ ముందే చెప్పిందమ్మగారూ."

"చేసి ఏం చెప్తావ్? మిరపకాయలకు తొడిమలు తీశాను, చేతులు మండుతున్నయ్ అని చెప్తావా? ఫోన్లోనే నవ్వుతారు."

"నవ్వినా పర్లేదు. మందు ఆపేస్తారేమోనని నా బెంగ. ఇప్పుడిప్పుడే గదా నడుము నిలబడింది. ఇది ఆపితే ఇంకేం లేదన్నట్టు చెప్పారు."

"అయితే చెప్పబాకు. ఇది కారం మంటే. పద్దెనిమిదేళ్ళ నుంచీ ఉన్నదే, ఇవాళ కొత్త మంట ఎక్కడ్నించి వస్తది? ఇంటికి పోయి మజ్జిగలో ముంచుకో. పొద్దున్నే రా."

"కారం మంటేనంటారా?"

"కాక?"

ఆమెకు ఆ మాట కావాలి. కారం మంటయితే మందు ఆగదు. నాకూ ఆ మాట కావాలి. కారం మంటయితే పని ఆగదు. మాకిద్దరికీ పనికొచ్చింది కాబట్టి ఆ మాట నిజమైపోయింది.

శ్రావణమాసంలో ఆమెను చూడటానికి వెళ్ళాను. కోతలయ్యాక కనపడలేదు, ఒంట్లో బాగాలేదని విన్నాను. కిలో కాయలు పట్టుకెళ్ళాను. మంచి ఎర్రకాయలే, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు కాదు. మామగారు కుట్టిన పరుపు మీద దిండుకు ఆనుకుని ఉంది. మనిషి సగమైంది. కూతురు ఒంగోలు నుంచి వచ్చి ఉంది. నేను కూర్చోగానే ఆమె రెండు చేతులూ నా ఎదుట చాపింది.

"చూడండమ్మగారూ, పుట్టినప్పటి చేతులొచ్చినయ్."

నిజమే. కొత్త చర్మం. గులాబీ రంగులో, నున్నగా, పసిపిల్ల చేతుల్లా ఉన్నాయి. అంతకాలం తొడిమలు గిల్లి బొటనవేలి మీద కాసిన కాయ కూడా పోయింది. నేను ఆ చేతులు పట్టుకుని, నా మాట నెగ్గిన సంతోషంతో అన్నాను.

"చూశావా మరి? కల్లానికి రాకపోయేసరికి ఎట్టా తగ్గిపోయినయ్యో. కారం మంటేనని నేను ఆనాడే చెప్పలా?"

గుమ్మంలో నిలబడ్డ కూతురు, "అది కాదండీ పెద్దమ్మగారూ..." అని ఏదో చెప్పబోయింది.

"నువ్వు పోయి అమ్మగారికి టీ పెట్టమ్మా" అని ఆమె కూతుర్ని లోపలికి పంపేసింది. నా వైపు తిరిగి, "అవునమ్మగారూ, మీరు ఆనాడే చెప్పారు" అంది.

నేను తెచ్చిన సంచిలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. "బాగా మాట్లాడతంది" అంది. టీ తాగి వచ్చేశాను.

దసరా వెళ్ళిన వారానికి పోయింది. ఆ కబురు నేను మిరప చేలో ఉండగా చెప్పారు. 'అయ్యో' అన్నాను. ఆ ఏడు తొడిమలకు వేరే మనిషిని పెట్టుకున్నాను.

అక్కడితో అయిపోయేది. నేను చదివింది అయిదో తరగతి. మందుల సంగతి నాకు తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ నా మనవరాలు గుంటూరులో మందుల చదువు చదువుతోంది. ఈ ఏడు పరీక్షలకు ముందు ఇంటికి వచ్చి, వసారాలో అటూ ఇటూ తిరుగుతూ గట్టిగా చదివేది. నేను పక్కన కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను.

"ఎందుకే ఆ అరుపులు, మిర్చి యార్డులో వేలం పాడినట్టు?" అన్నాను.

"నీకు అర్థం కాదులే నానమ్మా."

"నాకు చెప్పలేనిది నీకు మాత్రం ఏం అర్థమైనట్టు? తెలుగులో చెప్పు."

పిల్ల నోటుపుస్తకంలో గుండ్రంగా బొమ్మ గీసింది. చుట్టూతా చిన్న చిన్న తలలు, ఒక్కో తలకు రెండేసి తోకలు. రెండు వరసలు. తోకలు తోకలకు ఎదురుగా ఉన్నాయి. ఇవన్నీ కొవ్వు కణికలు, నీళ్ళలో వేస్తే వాటంతటవే ఇట్లా చేరి బుడగ అవుతాయి, లోపలి ఖాళీలో మందు పెడతారు అంది. ఎంత ఉంటుందే ఆ బుడగ అంటే, నా తల మీద నుంచి ఒక తెల్లవెంట్రుక పీకి, దీని మందంలో పక్కపక్కనే వెయ్యి దాకా పడతాయి అంది.

"ఆముదం రాసిన మందు" అన్నాను.

"ఆముదం కాదు నానమ్మా, ఇది..."

"తెలుసులే. తర్వాత చెప్పు. జుట్టు ఊడదు గదా?"

మనవరాలు నా వైపు వింతగా చూసింది. "అంతగా ఊడదు. నీకెట్లా తెలుసు? గుండెకు కూడా చేటు తక్కువ. ఇంకో ఇబ్బంది ఉంది. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయి. పొక్కులొస్తాయి, తోలు ఊడుతుంది."

"అరికాళ్ళా?"

"ఆఁ, రెండూ."

చేతిలో చింతగింజ అట్లాగే ఉండిపోయింది. "ఎందుకని అక్కడే?" అని అడిగాను.

"ఆ బుడగలు ఒంట్లో చాలా రోజులు తిరుగుతుంటాయి గదా. ఒత్తిడి, రాపిడి, వేడి తగిలేచోట సన్న రక్తనాళాల్లోంచి చర్మంలోకి కారుతాయంటారు. అందుకే మందు ఎక్కించుకున్న రోజుల్లో చేతులతో రుద్దే పని, గిల్లే పని చెయ్యకూడదు. ఎండలో కూర్చోకూడదు. బిగుతు చెప్పులు వేసుకోకూడదు. చల్లగా ఉంచుకోవాలి."

"చెప్పులు చేత్తో పట్టుకుని తడి మట్టిలో నడిస్తే?"

"మంచిదే. ఎవరు నానమ్మా?"

"చేతులు మండుతున్నయ్ అని చెప్తే మందు ఆపేస్తారా?"

"ముందుగా చెప్తే ఎందుకాపుతారు? ఒక వారమో రెండు వారాలో ఆగి, మోతాదు తగ్గించి మళ్ళీ ఇస్తారు. చెప్పకుండా బాగా ముదరబెట్టుకుంటే అప్పుడు ఆపాల్సొస్తుంది. ఆపితే చేతులు మళ్ళీ మామూలుగా అయిపోతాయి."

పుట్టినప్పటి చేతులొచ్చినయ్ అని ఆమె అన్న మాట నాకు ఆ నిమిషాన అర్థమైంది.

మర్నాడు ఒంగోలుకు ఫోన్ చేయించాను. ఆమె కూతుర్ని అడిగాను, ఆ రోజు నువ్వేదో చెప్పబోయావు, ఏంటమ్మా అని. "ఇప్పుడెందుకు లెండి పెద్దమ్మగారూ" అంది. నేను పెట్టెయ్యలేదు. అప్పుడు చెప్పింది. నాలుగోసారికి వెళ్తే డాక్టరమ్మ అరచేతులు చూసి నెత్తి కొట్టుకుందట. తోలంతా ఊడి పచ్చిగా ఉందట, కాళ్ళు కూడా. అవి మానడానికి రెండు నెలలు పట్టింది. ఈ లోపల నడుమునొప్పి తిరగబెట్టింది. ఆ మందు మళ్ళీ ఇవ్వడానికి భయపడి వేరేది ఇచ్చారు, అది పని చెయ్యలేదు.

"మీకు చెప్పొద్దంది మా అమ్మ. ఆవిడకు తెలిస్తే ఇక ఎవర్నీ కసరలేదు, కల్లం నడవదు అంది."

ఆమె నావల్ల పోయిందని ఎవరూ అనలేదు. మనవరాలిని అడిగితే, ఎముకలోకి వచ్చిన జబ్బు ఎన్నాళ్ళుండనిస్తుందో ఎవరూ చెప్పలేరంది. నన్ను ఓదార్చడానికి అన్నదో, పుస్తకంలో ఉందో తెలియదు. నేను కూడా అంత పెద్ద మాట అనుకోవడం లేదు. నన్ను పట్టి పీడిస్తున్నది చిన్న మాట. కాళ్ళు కూడా మండుతున్నాయని ఆమె చెప్పింది. కాళ్ళతో మిరపకాయ ముట్టుకోరని బతుకంతా కల్లంలోనే గడిపిన నాకు తెలుసు. తెలిసే కదా దాని మీద హాస్యమాడాను. తెలిసిన విషయం నోట్లోనే ఉంది. నవ్వించడానికి వాడాను తప్ప ఆలోచించడానికి వాడలేదు.

ఈ కోతల్లో ఆడవాళ్ళు పనికి రాగానే ముందు చేతులు తిప్పి చూస్తున్నాను. తర్వాత కాళ్ళు. "అమ్మగారు జాతకాలు చెప్పడం మొదలెట్టారే" అని వెనకాల నవ్వుతున్నారు. నవ్వనీ. ఆముదం మాత్రం పాత గరిటెతోనే పోస్తున్నాను, ఎక్కువ పొయ్యడానికి నా చెయ్యి రాదు. బస్తాలు భుజానికెత్తేటప్పుడు లోపల కాయలు గలగలమంటాయి. అంతకు ముందు కూడా అనేవే, నేను వినలేదు. ఇప్పుడు ఆ చప్పుడు వస్తే, పట్టా మీద ఆమె కూర్చునే మూలకు నా తల దానంతట అదే తిరుగుతుంది. ఆ మూలన ఎవరినీ కూర్చోమని నేను చెప్పను, వద్దనీ చెప్పను. ఎవరూ కూర్చోవడం లేదు.

ఆ హాస్యమాడిన మర్నాడు పొద్దున ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను.

ఆరింటికి నేను కల్లం తడిక తీసేసరికి, ఆమె అందరికంటే ముందు వచ్చి మోటారు గది గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చెప్పులు చేతిలో ఉన్నాయి. "మబ్బు తేలిపోయిందమ్మగారూ" అంది. నేను సీసా తెచ్చాను. నలుగురిలో అంత మాట అన్నానే అని మనసులో ఉండి, ఒక గరిటె పోసి రెండోది కూడా తీశాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపి, రెండో గరిటెను సీసాలోకే వంచింది. "పొద్దున్నే ఇంత పోస్తే సీసా దడుచుకుంటది" అంది. ఆమె వేళ్ళు నా మణికట్టుకు పొయ్యి మీంచి దించిన గిన్నెలా తగిలాయి. ఎండాకాలం కదా అనుకున్నాను. ఆమె ఆముదం రాసుకుంది. ఆ రోజు గోళ్ళ మొదళ్ళకు రాసుకోలేదు, మడమలకు పులుముకోలేదు. తన మూలన కూర్చుంది.

పది గంటలప్పుడు చూస్తే ఆమె కుప్పలో కాయలు తడిగా, జిగటగా ఉన్నాయి. "నూనె ఎక్కువైతే కాయకు పట్టుద్దని తెలీదా?" అని కసిరాను. ఆమె కాస్త పక్కకు జరిగి పొడిగా ఉన్నచోట కూర్చుంది. నేను పోసింది ఒక్క గరిటేనని, ఆ తడి చేతుల పొక్కులు చితికి కారిందని నాకు తట్టలేదు. తడిసిన కాయలను నేనే ఏరి చాటలో పోసి విడిగా ఎండలో పెట్టాను. పదకొండున్నరకు లారీ వచ్చేలోపు అవి ఆరాయి. ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశాను. గలగలమంది. అన్నిటినీ బస్తాలో కలిపేశాను.